చివరి గుక్క ఎప్పుడు తాగారు? దవడ ఆపరేషన్ల వార్డులో ఒక ఆడిట్

"ఆపరేషన్ బాగా చేశారంట మేడమ్, సంతోషం. కానీ పిల్లోణ్ణి నీళ్లకి ఏడిపించేశారండి."

ఆపరేషన్ మర్నాడు పొద్దున రౌండ్స్‌లో ఒక పేషెంటు తల్లి నాతో అన్న మాట ఇది. కోపంగా కూడా అనలేదు. ఎండ ఎక్కువగా ఉందండి అన్నట్టు అంది. నా వెనకున్న పీజీలు కేస్ షీట్ తిప్పుతున్నారు. ఎక్స్‌రేలో ప్లేట్లు చక్కగా కూర్చున్నాయి, పళ్లు కలిశాయి. మా దృష్టిలో అది అన్ని విధాలా మంచి కేసు.

కుర్రాడికి 23 ఏళ్లు. బైకు స్కిడ్ అయి గడ్డం నేలకు కొట్టుకుంది. కింది దవడ ముందు భాగంలో ఒక ఫ్రాక్చర్, రెండో పక్క చెవి ముందుండే కీలు దగ్గర ఇంకొకటి. గడ్డం మీద పడ్డవాళ్లలో ఈ జత తరచూ చూస్తాం. నోరు సరిగ్గా తెరుచుకోదు, పళ్లు ఒకదానిమీద ఒకటి కూర్చోవు, నమలడమన్న మాటే లేదు. దెబ్బ తగిలిన నాలుగో రోజున ఓటీ లిస్టులో రెండో పేరు అతనిది. మొదటి కేసు అనుకున్నదానికంటే సాగింది. ఈలోగా పన్ను చీము మెడలోకి దిగి, నాలుక పైకి లేచి, ఊపిరి కష్టమైన ఒక పెద్దాయన్ని క్యాజువాలిటీ నుంచి తెచ్చారు. ఆ కేసును ఎవరూ వెయిటింగ్‌లో పెట్టరు, టేబుల్ ఆయనకిచ్చాం. కుర్రాడికి మత్తు ఇచ్చేసరికి సాయంత్రం 4.30.

కేస్ షీట్‌లో "రాత్రి 12 నుంచి ఎన్‌బీఎం" అని ఉంది. అంటే నోటి ద్వారా ఏమీ ఇవ్వకూడదని. కాగితం లెక్కన పదహారున్నర గంటలు. తల్లిని అడిగితే లెక్క మారింది. "తొమ్మిదింటికి నాలుగు గుక్కలు జావ తాగి పడుకున్నాడండి. పన్నెండింటికి లేపి ఎవరు తాగిస్తారు?" అంది. పందొమ్మిదిన్నర గంటలన్నమాట. అది కూడా నాలుగు రోజులుగా కడుపు నిండా తినని మనిషికి.

మా డిపార్ట్‌మెంట్‌లో అప్పటికే ఆడిట్లు జరుగుతున్నాయి. నెలకోసారి కూర్చుని లెక్కలు చూసేవాళ్లం. ఎన్ని ప్లేట్లకు ఇన్‌ఫెక్షన్ వచ్చి తీయాల్సి వచ్చింది, ఎంతమందికి కింది పెదవి తిమ్మిరి మిగిలింది, ఎంతమందికి పళ్ల కలయిక తేడాగా వచ్చింది, ఇలా. ముఖ్యమైన లెక్కలే, కాదనను. అయితే అన్నీ సర్జన్ చేతిపనికి సంబంధించినవి. మంచం మీద పేషెంటు గడిపిన రోజు ఎలా ఉందన్నది ఏ గడిలోనూ లేదు. ఆరోగ్యశ్రీ క్లెయిముకు ఎక్స్‌రేలు, ఫోటోలు కావాలి. ఎన్ని గంటలు పస్తుంచారని ఎవరూ అడగరు. అందుకే ఈసారి ఆ గంటలనే ఆడిట్ చేద్దామనుకున్నాం.

ఆడిట్ అంటే రీసెర్చ్ అనుకునేవాళ్లు మాలోనే ఉన్నారు. రీసెర్చ్ ఏది మంచిదో వెతుకుతుంది. ఆడిట్ అడిగే ప్రశ్న దానికంటే ఇబ్బందికరమైనది: ఇది మంచిదని మీరే ఒప్పుకున్నారు కదా, చేస్తున్నారా మరి? బోస్టన్‌లో ఎర్నెస్ట్ కాడ్‌మన్ అనే సర్జన్ 20వ శతాబ్దం మొదట్లో ఒక్కో పేషెంటుకీ ఒక కార్డు పెట్టి, ఏడాది తర్వాత వాళ్లెలా ఉన్నారో రాసుకునేవాడు. తన చిన్న ఆసుపత్రి నుంచి 1911, 1916 మధ్య డిశ్చార్జి అయిన 337 మందిలో 123 పొరపాట్లు దొరికాయని తనే అచ్చేయించాడు. తోటి డాక్టర్లకు ఆయనంటే గిట్టకుండా పోయింది. మాకూ ఆ భయం లేకపోలేదు. అందుకే ఈ రాతకు మా క్వాలిటీ కమిటీ పెట్టిన షరతు ముందే చెబుతున్నాను. ఆసుపత్రి పేరు రాయకూడదు, పట్టికలు బయటికి రాకూడదు. కాబట్టి ఇందులో శాతాలు ఉండవు. జరిగింది మాత్రం ఉంటుంది.

కొలబద్ద ఏది?

దీని కోసం వెతుక్కోనక్కర్లేదు. మత్తుకు ఎంతసేపటి ముందు ఏది ఆపాలో అమెరికా మత్తు డాక్టర్ల సంఘం 1999లో ప్రకటించిన గడువులు మన పీజీ పాఠాల్లోనూ ఉన్నాయి. మంచినీళ్లలాంటి తేట ద్రవాలకు 2 గంటలు, తల్లిపాలకు 4 గంటలు, డబ్బా పాలకూ ఆవు గేదె పాలకూ తేలికపాటి ఆహారానికీ 6 గంటలు, నూనె పదార్థాలకీ మాంసానికీ 8 గంటలు లేదా అంతకు మించి. పరీక్షలో అడిగితే మా పీజీలు నిద్రలో కూడా చెబుతారు. పొద్దున వార్డులో మాత్రం "రాత్రి పన్నెండు నుంచి" అని రాస్తారు. నేనూ పీజీగా అలాగే రాశాను.

ఆ పన్నెండు వెనక ఒక న్యాయమైన భయం ఉంది. 1946లో న్యూయార్క్ డాక్టర్ కర్టిస్ మెండెల్సన్ 44,016 కాన్పుల రికార్డులు చూసి, 66 మందిలో మత్తులో ఉండగా కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోయిందని రాశాడు. ఆ తర్వాత ఖాళీ కడుపు అనేది గట్టి నియమమైంది. లిస్టులో ఎవరి వంతు ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి అందరికీ ఒకే అర్ధరాత్రి అయింది. అసలు 1883 నాటికే బ్రిటన్ సర్జన్ జోసెఫ్ లిస్టర్, గట్టి పదార్థం వద్దు గానీ రెండు గంటల ముందు ఒక కప్పు టీ మంచిదే అన్నాడు. ఆయన టీలో పాలు ఎన్నో నాకు తెలియదు గానీ, మన టీకి మాత్రం ఆ సలహా చెల్లదు. మన టీ అంటే సగం పాలే.

ఇంకో మాట కూడా చెప్పాలి. ముఖం దెబ్బల పేషెంట్ల విషయంలో మత్తు డాక్టర్ల జాగ్రత్త ఉత్తి చాదస్తం కాదు. దెబ్బ తగిలిన రోజు పేషెంటు రక్తం మింగి ఉంటాడు. నొప్పికీ, ఇచ్చిన మందులకీ కడుపు ఆలస్యంగా ఖాళీ అవుతుంది. నోరు తెరుచుకోదు, ఊపిరి గొట్టం చాలాసార్లు ముక్కులోంచి వేయాలి, ఒక్కోసారి పేషెంటు మెలకువగా ఉండగానే వేయాలి. అలాంటివాడు వాంతి చేసుకుంటే సర్దుకునే సమయం ఉండదు. అందుకే దెబ్బ తగిలిన వెంటనే చేసేవాళ్లు, చీము కేసులు, గర్భిణులు, షుగరు ముదిరి కడుపు మందగించినవాళ్లు, గొంతులోకి పుల్లగా ఎగదన్నే జబ్బున్నవాళ్లు మా ఆడిట్‌లోకి రారని మొదటే రాసుకున్నాం. మిగిలింది దెబ్బ తగిలి రెండు మూడు రోజులు దాటిన దవడ కేసులు, గ్రహణం మొర్రి పిల్లలు, తిత్తులు, గడ్డలు, దవడ సరిదిద్దే ఆపరేషన్లు.

మొదటి వారం లెక్కలు చెత్తబుట్టలోకి

ఫారం చిన్నదే. చివరిసారి తిన్నది ఏమిటి, ఎప్పుడు. చివరి గుక్క ఏమిటి, ఎప్పుడు. ఎవరు చెప్పారు, ఏమని చెప్పారు. మత్తు ఇచ్చిన టైం. ఆపరేషన్ తర్వాత మొదటి గుక్క టైం. మొదటి వారం ఫారాలు అన్నీ నిండుగా, అందంగా వచ్చాయి. చివరి గుక్క గడిలో అందరికీ "రాత్రి 12". పీజీలు కేస్ షీట్ చూసి ఎక్కించేశారు. ఆ కేస్ షీట్‌లోని వాక్యమేమో ముందురోజు సాయంత్రం ఆరింటికి రాసింది. అంటే జరగని విషయం ముందే రికార్డయింది, దాన్ని మేము మళ్లీ రికార్డు చేసుకున్నాం. ఆ వారం మొత్తం తీసేశాను. పీజీలకు నా మీద కోపం వచ్చిందని తెలుసు.

తర్వాత పని హౌస్ సర్జన్లకిచ్చాను. వాళ్లకి కేస్ షీట్ ముట్టుకోవద్దని, ఓటీ బయట స్ట్రెచర్ దగ్గర పేషెంటునో, తాలూకువాళ్లనో నోటితో అడగమని చెప్పాను. మనవాళ్లు గడియారం చూసి నీళ్లు తాగరు కదా. "సీరియల్ అయిపోయాకా, ముందా?", "పొద్దున ఊడ్చేవాళ్లు వచ్చేముందా?" అని అడిగితే టైం దొరుకుతుంది. ఈ అడగడం నేర్పింది కూడా ఒక అమ్మాయి, హౌస్ సర్జనే. నాకు తట్టలేదు.

ఫారాలు నిండేకొద్దీ మాకు తెలిసొచ్చింది ఇదీ. నీళ్లకు పెట్టుకున్న 2 గంటల గడువుకు దరిదాపుల్లో ఉన్నవాళ్లను ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మొదటి కేసుగా వెళ్లినవాళ్లే రాత్రంతా నీళ్లు లేకుండా ఉన్నారు, మూడో నాలుగో కేసుల సంగతి చెప్పక్కర్లేదు. రాత్రి పన్నెండు అని చెప్పాం గానీ ఇంట్లో, వార్డులో అది భోజనాల వేళే మొదలవుతోంది. భయం వల్ల ఇంకొంచెం ముందుకు జరుగుతోంది. ఒకావిడ ఏడింటికే అన్నీ ఆపేసింది, "ఎందుకొచ్చిన రిస్కులే" అని.

దీనికి పూర్తిగా ఎదురు తిరిగిన కేసూ దొరికింది. పదేళ్ల పిల్లాడు, దవడలో తిత్తి. పొద్దున ఆరున్నరకి నాయనమ్మ రెండు ఇడ్లీలు పెట్టింది. కేసు వాయిదా పడింది, ఓటీ ఇన్‌ఛార్జి మా మీద అరిచింది. నాయనమ్మను అడిగితే, "అన్నం పెట్టొద్దన్నారు కదమ్మా, నేను అన్నం పెట్టలేదు" అంది. నేను తెల్లబోయాను. ఆవిడ చెప్పింది నిజం. మా సిస్టర్ "ఏమీ తినొద్దు" అందో, "అన్నం తినొద్దు" అందో ఇప్పుడు తేల్చలేం గానీ, మన భాషలో తిండికి అన్నం అనే అంటాం. ఇడ్లీ అన్నం కాదు, టిఫిను. కాఫీ తిండే కాదు. మనం ఒక మాట అంటాం, వినేవాళ్లకి ఇంకో వంటకం వినపడుతుంది.

బీపీ మాత్రలది ఇంకో కథ. నోటికేమీ వద్దంటే మాత్ర కూడా వద్దనుకున్నారు. టేబుల్ మీద బీపీ ఎక్కడో ఉంది, మత్తు డాక్టరు వెనక్కి పంపారు. ఏ మాత్ర ఆపాలి, ఏది ఒక గుక్క నీళ్లతో వేయాలి అన్నది పీఏసీ చీటీలో, అంటే మత్తుకు ముందు చేసే పరీక్ష చీటీలో ఉంది. ఆ చీటీ ఫైలు వెనకాల కుట్టి ఉంది.

ఆపరేషన్ తర్వాతి గడి

ఫారంలో ఆ చివరి గడి పెట్టకపోతే సగం విషయం తెలిసేది కాదు. దవడ విరిగినవాళ్లకి చాలామందికి పళ్ల వెంట ఆర్చ్ బార్లనే లోహపు పట్టీలు కట్టి, పై దవడనీ కింది దవడనీ రబ్బర్లతోనో తీగలతోనో బిగిస్తాం. కొందరికి కొన్ని రోజులు, ప్లేట్లు వేయకుండా చేసే కేసుల్లో కొన్ని వారాలు. కేస్ షీట్‌లో "లిక్విడ్ డైట్" అని రాస్తాం. మా బాధ్యత అక్కడితో అయిపోయిందనుకున్నాం. ఆసుపత్రి వంటశాలకు వెళ్లి అడిగితే లిక్విడ్ డైట్ పేరుతో వచ్చేది పాలొక్కటే. మిగతాదంతా అన్నం, సాంబారు, గుడ్డు, అరటిపండు. పళ్లు బిగించినవాడి ముందు ఉడికిన గుడ్డు పెట్టి వెళ్తున్నారు. అతను దాన్ని పక్క మంచానికి ఇచ్చేస్తున్నాడు. ఇన్నేళ్లుగా రౌండ్స్‌కి ఆ గుడ్ల పక్కనుంచే వెళ్లాను.

జావలూ, పప్పు మీది తేటా, పళ్లరసాలూ అన్నీ తాలూకువాళ్లు బయటినుంచి తెస్తున్నారు. తెచ్చే మనిషి లేనివాళ్లు పాలతోనే సరిపెట్టుకుంటున్నారు. బరువు ఎంత తగ్గారు అని చూద్దామంటే చేరినప్పుడు బరువు ఉంది, డిశ్చార్జిలో లేదు. బరువు మిషను ఓపీలో ఉంది, వార్డులో లేదు.

ఇంకొకటి వెతక్కుండానే దొరికింది, అదే నాకు ఎక్కువ టెన్షన్ తెప్పించింది. తీగలతో పళ్లు బిగించినవాడికి వాంతయితే నోరు తెరవడానికి దారి ఉండదు, తీగలు కత్తిరించాలి. అందుకే వైర్ కట్టర్ మంచం దగ్గరే ఉండాలని మొదటి ఏడాది పీజీకి కూడా చెబుతాం. మా వార్డులో కట్టర్ ఉంది. బీరువాలో. బీరువాకి తాళం. తాళంచెవి డ్యూటీ సిస్టర్ దగ్గర, ఆవిడ ఒక్కోసారి పక్క వార్డులో కూడా ఉంటుంది. ఎందుకంటే అంతకుముందు ఒక కట్టర్ పోయిందట, ఆమె జీతంలో కోస్తామన్నారట. ఆడిట్ పూర్తయ్యేదాకా ఆగలేదు, ఆ సాయంత్రమే కట్టర్ని గట్టి తాడుతో మంచం తలవైపు కట్టించాను. పోతే డిపార్ట్‌మెంట్ ఖాతాలో రాసుకోమని కాగితం మీద సంతకం పెట్టిచ్చాను. సిస్టర్ ఆ కాగితాన్ని లామినేషన్ చేయించి బీరువా లోపల అంటించుకుంది.

నీళ్లకు ఎవరు సంతకం పెట్టాలి

లెక్కలు మత్తు డిపార్ట్‌మెంట్ ముందు పెట్టినప్పుడు అక్కడి సీనియర్ ఒకాయన ఫారాలన్నీ ఓపికగా చదివారు. "మీరు చెప్పింది కరెక్టే మేడమ్. రేపు నీళ్లు తాగినవాడు టేబుల్ మీద వాంతి చేసుకుంటే సంతకం ఎవరిది?" అన్నారు. తప్పుడు ప్రశ్న కాదు. చివరికి పీఏసీ చీటీలోనే ఒక గడి పెట్టాం: ఈ పేషెంటుకు నీళ్లు ఫలానా టైం దాకా. ఆ టైం వేసేది మత్తు డాక్టరు, మేము కాదు. మొదట్లో ఆయన అందరికీ నాలుగు గంటలు వేశారు. వాదించలేదు. పందొమ్మిది కంటే నాలుగు నయం. నెల తిరిగేసరికి ఆయనే రెండుకి దిగారు.

ఏది తేట ద్రవం అన్నదాని మీద మీటింగ్ సగం గడిచింది. గ్లాసు వెనక పేపరు పెడితే అక్షరాలు కనపడాలన్నది గుర్తు. మంచినీళ్లు, గ్లూకోజు నీళ్లు సరే. మజ్జిగ ఎంత పలచనైనా కాదు. గంజి కాదు, జావ కాదు. కొబ్బరినీళ్ల దగ్గర ఇద్దరు మత్తు డాక్టర్లకు కుదరలేదు, ఎందుకొచ్చిన గొడవని చీటీలో రాయలేదు.

నైట్ డ్యూటీ సిస్టర్ మాట ఇంకా సూటిగా ఉంది. "తెల్లారుజామున నేనొక్కదాన్నే ఉంటాను మేడమ్. ఇంజెక్షన్లా చూడాలి, షుగర్లా చూడాలి, మీ నీళ్లా పోయాలి?" నిజమే. అందుకని నీళ్లు తాగించే పని తాలూకువాళ్లకిచ్చాం, సిస్టర్ చేయాల్సింది ఒక టిక్కు మాత్రమే. ఆ టిక్కు ఎక్కడ పెట్టాలన్నదాంట్లోనే కిటుకుంది. నీళ్లను మందుల చార్టులో రాశాం. "మంచినీళ్లు, ఒక గ్లాసు, పొద్దున 6 గంటలకు, నోటి ద్వారా." సూచనల కాగితం ఎవరూ చదవరు. మందుల చార్టులో ఖాళీ గడి ఉంటే మాత్రం పొద్దున హ్యాండోవర్‌లో ఎందుకివ్వలేదని అడుగుతారు. ఫార్మసీ వాళ్లు కొన్నాళ్లు నవ్వుకున్నారు.

తాలూకువాళ్లకిచ్చే చీటీని మూడుసార్లు తిరగరాశాం. మొదటిదాంట్లో "ఘన పదార్థములు", "ద్రవ పదార్థములు" అని ఉంది. ఆ నాయనమ్మను తలుచుకుని పేర్లు వేశాం. అన్నం, ఇడ్లీ, బిస్కెట్టు, పాలు, టీ, కాఫీ, జావ, మజ్జిగ, అరటిపండు: ఈ టైం తర్వాత వద్దు. మంచినీళ్లు: ఈ టైం దాకా తాగాలి. "తాగవచ్చు" అని రాస్తే ఎవరూ తాగలేదు. "తాగాలి" అని మార్చాక తాగారు.

మొర్రి పిల్లల విషయం అన్నిటికంటే తేలిగ్గా కుదిరింది. అంగిలి చీలిన పాప రొమ్ము సరిగ్గా పట్టలేదు, తల్లి పాలు పిండి ఉగ్గుగిన్నెతో పోస్తుంది. పాలు పిండినా తల్లిపాలే, 4 గంటల లెక్కే. వాళ్లను లిస్టులో ఎప్పుడూ మొదట పెట్టడం, తెల్లవారుజామున తల్లిని లేపి పాలు పట్టించడం, ఈ రెంటితో వార్డులో పొద్దుటి ఏడుపు తగ్గింది. దీనికి మాత్రం ఎవరి సంతకమూ కావాల్సి రాలేదు. ఆ తల్లులు ఎలాగూ మేలుకునే ఉంటారు.

మూడు నెలల తర్వాత

మళ్లీ అదే ఫారం, మళ్లీ హౌస్ సర్జన్లు, కొత్త బ్యాచ్. మొదటి రెండు కేసులకు నీళ్ల విషయంలో స్పష్టంగా మార్పు కనిపించింది. చాలామంది పొద్దున గ్లాసు తాగే వెళ్లారు. తిండి గంటలు పెద్దగా తగ్గలేదు, తగ్గవు కూడా. రాత్రి ఎనిమిదికి తిన్నవాణ్ణి తెల్లవారుజామున రెండింటికి లేపి టిఫిను పెట్టలేం కదా.

మూడో కేసు, నాలుగో కేసు దగ్గర పరిస్థితి దాదాపు మొదటికే వచ్చింది. ఓటీలో ఆలస్యమైతే అక్కణ్ణుంచి వార్డుకు ఫోను చేసి, ఫలానా పేషెంటుకు ఇంకో గ్లాసు ఇవ్వండి అని చెప్పాలన్నది ఏర్పాటు. ఫోను చేయాల్సింది మా పీజీ. ఓటీలో వాష్ అయి గ్లవ్స్ వేసుకున్న పీజీకి ఫోను ఎక్కడిది? ఏర్పాటు చేసినప్పుడు నాకు ఈ చిన్న విషయం తట్టలేదు. ఇప్పుడా పని మత్తు టెక్నీషియన్‌కి మారింది. టేబుల్ మీద పేషెంటు మారినప్పుడల్లా అతను చేస్తాడు. ఉన్నరోజు చేస్తాడు.

మాకు ఎదురుదెబ్బ తగిలిన కేసూ ఒకటుంది. ఒకతను చీటీ ప్రకారమే తొమ్మిదింటికి నీళ్లు తాగాడు. ముందున్న కేసు రక్తపరీక్ష తేడాతో రద్దయి, ఇతణ్ణి పదింటికే పిలిచారు. మత్తు డాక్టరు చీటీ చూసి ఇంకో గంట ఆగుదామన్నారు. ఓటీ గంటసేపు ఖాళీగా ఉంది. ఆ గంటకు సమాధానం నేను చెప్పుకోవాల్సి వచ్చింది, పాత పద్ధతే నయమని ఒకరిద్దరు అన్నారు కూడా. మాలాంటి ప్రయత్నం చేసేవాళ్లు ఇలాంటి రోజు ఒకటి వస్తుందని ముందే ఓటీ ఇన్‌ఛార్జికి చెప్పి ఉంచడం మంచిది.

ఇంకో సంగతి, మేము చూస్తున్నామని తెలిసిన వారాల్లో అంకెలు బాగున్నాయి. ఆడిట్ అయిపోయిన నెలలో చెప్పకుండా నాలుగు రోజులు చూస్తే కొంత జారింది. చీటీలు అయిపోయి, మళ్లీ అచ్చు వేయించేదాకా సిస్టర్లు నోటిమాటగా చెప్పారు. నోటిమాట అనేసరికి మళ్లీ రాత్రి పన్నెండు వచ్చి కూర్చుంది. ఇప్పుడు చీటీలు అచ్చు వేయించే బాధ్యత ఒక మనిషి పేరు మీద ఉంది.

వార్డుకి బరువు మిషను వచ్చింది. డిశ్చార్జి సమ్మరీలో బరువు గడి వచ్చింది, నింపించడమే ఇంకా యుద్ధం. డైటీషియన్ దవడ పేషెంట్లకు ఒక పట్టిక తయారుచేసింది: రాగిజావ, వడగట్టిన పప్పుకట్టు, కూరగాయల నీళ్లు, పాలు, పలచటి మజ్జిగ, పెద్ద సిరంజికి మెత్తటి గొట్టం తగిలించి బుగ్గ పక్కనుంచి పోసే పద్ధతి. పట్టిక గోడమీద ఉంది. వంటశాల టెండర్లో మాత్రం రాగిజావ ఒక్కటే ఎక్కింది, పప్పుకట్టు ఎక్కలేదు. వచ్చే టెండర్ దాకా దాన్ని గేటు బయట మెస్ ఆవిడ పొద్దున, సాయంత్రం వడగట్టి పంపుతోంది. డబ్బులు పీజీలు తలాకొంచెం వేసుకుంటున్నారు.